ఉక్కు గోడకు కిటికీ: పీడనం కింద రంగునూ అయస్కాంతత్వాన్నీ మార్చుకునే స్ఫటికాల చరిత్ర

అణువులతో కట్టిన కొన్ని ఘనపదార్థాలకు రెండు రూపాలుంటాయి. ఒక రూపంలో తెల్లగానో లేత పసుపుగానో ఉండి అయస్కాంతానికి ఆకర్షితమయ్యే ఈ పదార్థాలు, రెండో రూపంలో ఊదాగానో ఎర్రగానో మారి ఆ ఆకర్షణను దాదాపు పూర్తిగా పోగొట్టుకుంటాయి. రసాయన సంఘటనం మాత్రం రెండింటిలోనూ ఒక్కటే. వేడితోగాని, కాంతితోగాని, పీడనంతోగాని వీటిని ఒక రూపం నుంచి మరో రూపానికి తిప్పవచ్చు, తిరిగి మొదటి రూపానికి తేవచ్చు. వేడి వల్ల కలిగే మార్పు జాడలు 1931 నాటికే కనబడ్డాయి, ఘనపదార్థంలో కాంతి వల్ల కలిగే మార్పు 1984లో బయటపడింది. పీడనం సంగతి వేరు: దానివల్ల ఏం జరగాలో సిద్ధాంతం చెప్పగలిగినా, జరుగుతున్నదాన్ని చూడడానికి తగిన పాత్ర లేక పరిశోధకులు చాలాకాలం ఆగవలసివచ్చింది. వేల రెట్ల వాతావరణ పీడనాన్ని ఓర్చే పాత్రకు మందపాటి ఉక్కు గోడలు కావాలి. ఉక్కు గోడలోంచి కాంతి పోదు, పైగా ఉక్కు తానే అయస్కాంత పదార్థం కాబట్టి లోపలి నమూనా ఇచ్చే బలహీనమైన సంకేతం దాని మాటున పడిపోతుంది. అందుచేత ఈ శాస్త్రశాఖ చరిత్రలో ప్రతి ముందడుగు వెనుకా ఒక కొత్త కిటికీ కనబడుతుంది. సిద్ధాంతకర్తల పేర్లతో పాటు పాత్రలు తయారుచేసినవారి పేర్లు కూడా చెప్పకపోతే ఈ చరిత్ర సగమే చెప్పినట్టవుతుంది.

మొదటి జాడ ఇటలీలో దొరికింది. మిలాన్‌కు చెందిన లివియో కాంబి, తన సహచరుడు సెగోతో కలిసి, ఇనుమునూ గంధకం గల కర్బన అణువులనూ కలిపి చేసిన డైథయోకార్బమేట్ అనే లవణాల అయస్కాంత గుణాన్ని కొలిచి 1931లో ఫలితాలు ప్రకటించాడు. ఇనుము గల మామూలు లవణాల్లో ఒంటరి ఎలక్ట్రాన్ల సంఖ్య స్థిరంగా ఉంటుంది కాబట్టి వాటి అయస్కాంత భ్రామకం ఉష్ణోగ్రతతో పెద్దగా మారదు. కాంబి లవణాల్లో మాత్రం చల్లబరుస్తున్న కొద్దీ అది గణనీయంగా పడిపోయింది. ఒకే సమ్మేళనంలో రెండు రకాల ఇనుము ఉండి, వాటి పాళ్లు ఉష్ణోగ్రతతో మారుతున్నాయన్న భావన ఆనాటి రసాయన శాస్త్రానికి కొత్త. ఆ రోజుల్లోనే లైనస్ పౌలింగ్ అయస్కాంత కొలతల ద్వారా రసాయన బంధాల స్వభావం తెలుసుకునే పద్ధతిని ప్రతిపాదించాడు. 1936లో అతడూ చార్లెస్ కోరియెల్ కలిసి, ఆక్సిజన్ లేని రక్తపు హీమోగ్లోబిన్ అయస్కాంతానికి ఆకర్షితమవుతుందనీ, ఆక్సిజన్ పట్టిన ఎర్రటి హీమోగ్లోబిన్‌లో ఒంటరి ఎలక్ట్రాన్లే ఉండవనీ చూపించారు. రంగూ అయస్కాంతత్వమూ చేయీ చేయీ పట్టుకుని మారతాయన్న సంగతి ఆ విధంగా ప్రతి మనిషి రక్తనాళాల్లోనే రుజువైంది.

దీనికి కారణం చెప్పగల సిద్ధాంతం పక్క తోవలో పెరుగుతూ వచ్చింది. 1929లో హాన్స్ బేథే, స్ఫటికంలో ఒక లోహ అయాను చుట్టూ ఉన్న విద్యుదావేశాలు ఆ అయాను ఎలక్ట్రాన్ల శక్తిస్థాయులను ఎలా చీలుస్తాయో లెక్కగట్టాడు. స్ఫటిక క్షేత్ర సిద్ధాంతంగా పేరుపొందిన ఈ లెక్కను వాన్ వ్లెక్ అయస్కాంతత్వానికి అన్వయించాడు. రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఇనుములో, డి ఆర్బిటాళ్లు అనే ఐదు గదుల్లో ఆరు ఎలక్ట్రాన్లు మిగులుతాయి. చుట్టూ ఆరు నైట్రోజన్ పరమాణువులు చేరినప్పుడు ఆ ఐదింటిలో మూడు కిందికి, రెండు పైకి చీలతాయి. చీలిక పెద్దదైతే ఆరు ఎలక్ట్రాన్లూ కింది మూడు గదుల్లో జంటలుగా సర్దుకుని, ఒక్క ఒంటరి ఎలక్ట్రానూ లేని అల్ప స్పిన్ స్థితి ఏర్పడుతుంది. చీలిక చిన్నదైతే ఒకే గదిలో ఇమడడం కంటే పై గదిలోకి వెళ్లడమే చవక కాబట్టి ఎలక్ట్రాన్లు విడివిడిగా పరచుకుని, నాలుగు ఒంటరి ఎలక్ట్రాన్లున్న అధిక స్పిన్ స్థితి వస్తుంది. ఈ రెండింటి నడుమ చీలిక ఎంత ఉన్నప్పుడు తూకం అటు నుంచి ఇటు ఒరుగుతుందో జపాన్‌కు చెందిన తనాబె, సుగానో 1954లో గీసిన పటాలు చూపించాయి. ఆ పటాలు నేటికీ సమన్వయ సమ్మేళనాల రసాయనం చదివే ప్రతి విద్యార్థి చేతికీ వస్తాయి. తూకం ఒరిగే ఆ అంచున నిలిచిన సమ్మేళనాలు చేసే మార్పునే స్పిన్ క్రాసోవర్, అంటే స్పిన్ మార్పిడి, అంటారు.

పీడనానికి ఇందులో చోటు ఎక్కడిదన్న ప్రశ్నకు జవాబు బంధాల పొడవులో ఉంది. పైనున్న రెండు ఆర్బిటాళ్లు నేరుగా చుట్టూ ఉన్న నైట్రోజన్ల వైపే చూస్తుంటాయి కాబట్టి, వాటిలో ఎలక్ట్రాన్లు చేరితే నైట్రోజన్లు వెనక్కి నెట్టబడతాయి. సెంటీమీటరులో పది కోట్లవ వంతును ఆంగ్‌స్ట్రామ్ అంటే, అల్ప స్పిన్ స్థితిలో ఇనుముకూ నైట్రోజన్‌కూ మధ్య దూరం సుమారు 2.0 ఆంగ్‌స్ట్రామ్‌లు, అధిక స్పిన్ స్థితిలో సుమారు 2.2. ఐదో వంతు ఆంగ్‌స్ట్రామ్ తేడా చిన్నదిగా తోచవచ్చు, కాని బంధాల సాధారణ కొలతల్లో అది పెద్ద మార్పు. ఆరు బంధాలూ ఒకేసారి పొడవెక్కితే ఇనుము చుట్టూ ఉన్న అష్టముఖి ఘనపరిమాణం దాదాపు నాలుగో వంతు పెరుగుతుంది, మొత్తం స్ఫటికం కూడా కొన్ని శాతాల మేర ఉబ్బుతుంది. పీడనం పెంచినప్పుడు ఏ వ్యవస్థయినా తక్కువ చోటు ఆక్రమించే స్థితి వైపు జరుగుతుందన్న లీ షాట్లియర్ సూత్రం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది: నొక్కితే చిన్నదైన అల్ప స్పిన్ స్థితి గెలుస్తుంది, వదిలితే పెద్దదైన అధిక స్పిన్ స్థితి తిరిగి వస్తుంది. వేడి దీనికి ఎదురుగా పనిచేస్తుంది, ఎందుకంటే అధిక స్పిన్ స్థితిలో బంధాలు వదులై కంపనాలకు స్వేచ్ఛ పెరుగుతుంది, ఎంట్రోపీ ఎక్కువవుతుంది.

అధిక పీడన ప్రయోగాలకు బాట వేసినవాడు హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన పెర్సీ బ్రిడ్జ్‌మన్. పాత్ర మూత దగ్గర లోపలి ద్రవం కారిపోవడమే అంతకు ముందువారిని ఆపిన అడ్డంకి. లోపలి పీడనం పెరిగే కొద్దీ మూత దగ్గరి మెత్తని వలయం మీద పడే ఒత్తిడి, లోపలి పీడనం కంటే ఎప్పుడూ ఎక్కువగానే ఉండేలా అతడు బిరడాను మలిచాడు. ఆ తరవాత హద్దు కారడం కాదు, ఉక్కు బలమే. లక్ష వాతావరణ పీడనాల దాకా వెళ్లిన ఈ కృషికి 1946లో అతడికి భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. తెల్ల భాస్వరాన్ని నొక్కి నల్ల భాస్వరంగా మార్చినదీ ఆయనే. అయితే ఆ పాత్రల్లోంచి బయటికి తెలిసేవి ప్రధానంగా ఘనపరిమాణం, విద్యున్నిరోధం వంటి రాశులే. మూసిన ఉక్కులో రంగుకు సాక్షి లేదు. 1930లో అమెరికాలోనే థామస్ పౌల్టర్, చదునుగా నునుపు పెట్టిన లోహపు పీటకు గాజు బిళ్లను ఆనించి, లోపలి పీడనమే ఆ బిళ్లను పీటకు బిగించేలా ఒక కిటికీ అమర్చాడు. దాని మూలసూత్రం తరవాతి తరాల పాత్రల్లో కొనసాగింది.

అణుస్ఫటికాల రంగును పీడనం కింద క్రమపద్ధతిలో చదివినవాడిగా ఈ చరిత్రలో మొదటి పేరు హ్యారీ డ్రికామర్‌దే. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో రసాయన ఇంజినీరింగ్ ఆచార్యుడైన డ్రికామర్, 1950లలో తన విద్యార్థులతో కలిసి గాజు స్థానంలో మామూలు ఉప్పును కిటికీగా వాడాడు. ఉక్కు దిమ్మెలో సన్నగా తొలిచిన దారుల్లో సోడియం క్లోరైడును కూరి నొక్కితే అది గట్టిపడి, కాంతిని పోనిస్తూనే పీడనాన్ని ఆపుతుంది. పైగా అతినీలలోహితం నుంచి పరారుణం దాకా విస్తారమైన కాంతిశ్రేణికి ఉప్పు పారదర్శకం. వంటింటి సరుకుతో పదివేల వాతావరణాలను నిలబెట్టిన ఈ ఉపాయానికి దక్కవలసినంత పేరు దక్కలేదనే చెప్పాలి. ఆ పాత్రలోనే 1960లో నికెల్, పల్లాడియం, ప్లాటినం గ్లయాక్సైముల రంగును పరిశీలించారు. నికెల్‌ను గుర్తించడానికి ప్రయోగశాలల్లో చేసే పరీక్షలో కనబడే ఎర్రటి అవక్షేపం వీటిలోని నికెల్ సమ్మేళనమే. చదునైన అణువులు దొంతరగా పేర్చుకున్న ఆ స్ఫటికాల్లో లోహ పరమాణువులు ఒకదానిపై ఒకటి నిలువునా వస్తాయి, నొక్కితే వాటి మధ్య దూరం తగ్గి, కాంతిని పీల్చుకునే పట్టీ పొడవైన తరంగాల వైపు వేగంగా జరుగుతుంది. పీడనంతో ఎలక్ట్రాన్ల శక్తిస్థాయులను శ్రుతి చేయవచ్చన్న డ్రికామర్ జీవితకాలపు వాదానికి ఇటువంటి ఫలితాలే ఆధారం.

స్పిన్ మార్పిడిని పీడనంతో ముడిపెట్టిన తొలి కొలతలు మాత్రం ఆస్ట్రేలియాలో జరిగాయి. ఎవాల్డ్, మార్టిన్, వారి సహచరులు 1960లలో కాంబి లవణాలనే మళ్లీ చేతికి తీసుకుని, ద్రావణంలో వాటిపై పీడనం పెంచి చూశారు. అల్ప స్పిన్ వాటా పెరిగింది, పెరిగిన మేరను బట్టి రెండు స్థితుల ఘనపరిమాణాల మధ్య తేడాను లెక్కించడం సాధ్యమైంది. దాదాపు ఆ కాలంలోనే ఘనస్థితి పరిశోధనకు ఒక ఆదర్శ నమూనా కూడా దొరికింది: రెండు ఫినాంత్రోలీన్, రెండు థయోసయనేట్ సమూహాలు ఇనుమును పట్టుకున్న ఒక సమ్మేళనం. 1964లో బేకర్, బోబోనిచ్ దాని అయస్కాంతత్వం సుమారు 175 కెల్విన్‌ల దగ్గర, అంటే సున్నా కింద దాదాపు 98 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఉన్నట్టుండి పడిపోవడాన్ని ప్రకటించగా, అది స్పిన్ మార్పిడేనని ఆ తరవాత కోనిగ్, మడేయా వివరించారు.

ఇల్లినాయ్‌లో ఫిషర్, డ్రికామర్ 1971లో ఫినాంత్రోలీన్ సమ్మేళనాల వరుసను పీడనం కింద పరిశీలించిన తీరు ఈ రంగానికి నిలకడైన పునాది వేసింది. వారి కొలమానం మోస్‌బవర్ వర్ణపటం. ఇనుములోని 57 భారసంఖ్య గల కేంద్రకం 14.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాన్ని పీల్చుకునే శక్తి, చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్ల అమరికను బట్టి అత్యల్పంగా జరుగుతుంది. కిరణాల మూలాన్ని సెకనుకు కొన్ని మిల్లీమీటర్ల వేగంతో ముందుకూ వెనక్కూ కదిపి ఆ జరుగుడును కొలుస్తారు. అధిక స్పిన్ ఇనుము విడివిడిగా దూరంగా నిలిచిన రెండు గీతలను, అల్ప స్పిన్ ఇనుము దగ్గరగా చేరిన రెండు గీతలను ఇస్తుంది కాబట్టి, ఒకే పటంలో ఏ స్థితి ఎంత పాలు ఉందో కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. ఆశించినట్టే అధిక స్పిన్ సమ్మేళనాలు పీడనంతో అల్ప స్పిన్ వైపు మారాయి. ఆశించనిది కూడా కనబడింది: మొదటి నుంచీ అల్ప స్పిన్‌లో ఉన్న కొన్ని సమ్మేళనాల్లో పీడనం కింద కొంత భాగం అధిక స్పిన్‌కు మారింది. ఇనుముకూ చుట్టూ ఉన్న కర్బన అణువుకూ మధ్య జరిగే ఎలక్ట్రాన్ల ఇచ్చిపుచ్చుకోలును పీడనం బలహీనపరచడం దీనికి కారణమని వారు వాదించారు. ఘనపరిమాణం ఒక్కటే అన్నిటికీ జవాబు కాదన్న ఈ హెచ్చరికను తరవాతి దశాబ్దాల్లో చాలామంది పక్కన పెట్టారు; అది ఈ రంగానికి మేలు చేయలేదు.

మరుసటి ఏడాది, 1972లో, అదే విశ్వవిద్యాలయంలో అయస్కాంత అనునాద రంగంలో ప్రసిద్ధుడైన చార్లెస్ స్లిక్టర్, డ్రికామర్‌తో కలిసి ప్రచురించిన నమూనా ఈ చరిత్రలో అతి ఎక్కువగా వాడుకలో ఉన్న సిద్ధాంతం. స్ఫటికంలో ఒక అణువు ఉబ్బితే దాని ఒత్తిడి ఇరుగుపొరుగు అణువుల మీద పడుతుంది, ఒకటి కుంచించుకుంటే పక్కవాటికి కూడా కుంచించుకోవడం తేలికవుతుంది. ఈ పరస్పర ప్రభావాన్ని వారు ఒకే ఒక్క సంఖ్యగా సమీకరణంలో చేర్చారు. ఆ సంఖ్య చిన్నదైతే మార్పు మెల్లగా, నునుపుగా సాగుతుంది. ఒక హద్దు దాటితే అణువులన్నీ కలిసికట్టుగా ఒక్కసారే మారతాయి, పైగా వెళ్లేటప్పుడు మారే బిందువు, వచ్చేటప్పుడు మారే బిందువు వేరవుతాయి. వెళ్లే దారికీ వచ్చే దారికీ మధ్య ఉండే ఈ ఎడాన్నే హిస్టెరిసిస్ అంటారు. ఆ ఎడంలో పదార్థం తన గతాన్ని బట్టి రెండు స్థితుల్లో దేనిలోనైనా నిలవగలదు.

పీడనం మార్పు ఉష్ణోగ్రతను ఎంత జరుపుతుందో అదే గణితం చెబుతుంది: ఘనపరిమాణాల తేడాను ఎంట్రోపీ తేడాతో భాగిస్తే వచ్చేదే ఆ జరుగుడు. వెయ్యి బార్లను ఒక కిలోబార్ అంటారు, పది కిలోబార్లు ఒక గిగాపాస్కల్, ఒక బార్ సుమారుగా సముద్రమట్టం దగ్గరి వాతావరణ పీడనం. ఇనుము సమ్మేళనాల్లో ఈ జరుగుడు తరచుగా కిలోబారుకు 15 నుంచి 20 కెల్విన్‌ల దాకా ఉంటుంది. పసిఫిక్ మహాసముద్రంలోని మరియానా అగాధం అడుగున ఉన్నది కిలోబారుకు కాస్త ఎక్కువ. ఆ నీటి బరువు ఒక్కటే ఇటువంటి స్ఫటికం మారే ఉష్ణోగ్రతను ఇరవై డిగ్రీల దరిదాపుల్లో పైకి నెట్టగలదన్నమాట. ఫినాంత్రోలీన్ థయోసయనేట్ సమ్మేళనం గది ఉష్ణోగ్రత దగ్గరే అల్ప స్పిన్‌కు మారడానికి ఒక గిగాపాస్కల్ లోపలి పీడనం సరిపోతుంది. ఉక్కునూ రాళ్లనూ మార్చడానికి కావలసిన పీడనాలతో పోలిస్తే ఇది చాలా తక్కువ. అణుస్ఫటికాల్లో అణువులను పట్టి ఉంచే బలాలు మెత్తనివి కాబట్టే తక్కువ పీడనానికే పెద్ద ఫలితం వస్తుంది. గట్టి ఖనిజాల్లో అదే స్పిన్ మార్పిడి జరగాలంటే భూగర్భంలోని దిగువ మాంటిల్ లోతులు కావాలి. అక్కడి మెగ్నీషియం–ఇనుము ఆక్సైడులో సుమారు 60 నుంచి 70 గిగాపాస్కళ్ల దగ్గర ఆ మార్పును 2003లో గుర్తించారు.

ఉప్పు కిటికీ తరవాత వచ్చినది వజ్రపు కిటికీ. వాషింగ్టన్‌లోని జాతీయ ప్రమాణాల సంస్థలో వియర్, లిపిన్‌కాట్, వాన్ వాల్కెన్‌బర్గ్, బంటింగ్ అనే నలుగురు 1950ల చివర్లో రెండు వజ్రాల కొనలను ఎదురెదురుగా పెట్టి, వాటి నడుమ నమూనాను నొక్కే చిన్న పరికరాన్ని తయారుచేశారు. దొంగరవాణాదారుల నుంచి ప్రభుత్వం స్వాధీనం చేసుకున్న వజ్రాలు ఆ పరిశోధకులకు ఖర్చు లేకుండా దొరికాయి. పరికరం అరచేతిలో పట్టేంత చిన్నది. వజ్రాల కొనలను అర మిల్లీమీటరు వెడల్పు లేక అంతకంటే తక్కువ ఉండే చదునైన ముఖాలుగా అరగదీస్తారు. వాటి మధ్య ఉంచిన పలుచని లోహపు రేకులో వెంట్రుకకు కొంచెం పెద్ద రంధ్రం చేస్తారు. ఆ రంధ్రమే ప్రయోగశాల. అందులో ఒక స్ఫటికపు ముక్క, పీడనాన్ని అన్నివైపులా సమంగా పంచడానికి ఒక ద్రవపు చుక్క, ఒక కెంపు రేణువు ఉంటాయి. మరలు బిగిస్తూ సూక్ష్మదర్శినిలో చూస్తే, స్ఫటికం రంగు మారడం వజ్రం గుండా నేరుగా కనబడుతుంది. కెంపు ఎందుకంటే, లేజర్ కాంతి పడినప్పుడు అది వెదజల్లే ఎర్రని గీత, మామూలుగా 694.2 నానోమీటర్ల దగ్గర ఉండేది, పీడనంతో గిగాపాస్కల్‌కు సుమారు 0.36 నానోమీటర్ల చొప్పున జరుగుతుంది. ఈ కొలమానాన్ని ఆ సంస్థలోనే 1972లో ప్రవేశపెట్టారు. అంతవరకూ పాత్ర లోపలి పీడనాన్ని బయటి బలం నుంచి అంచనా వేసుకోవలసి వచ్చేది. కెంపుతో లోపలి పీడనం లోపలే తెలియసాగింది. వజ్రం ఎక్స్‌రేలను కూడా పోనిస్తుంది కనుక, నొక్కిన స్ఫటికంలో పరమాణువుల స్థానాలు తెలుసుకునే దారి తెరుచుకుంది. 1993లో ఫ్రాన్స్, స్పెయిన్ పరిశోధకులు ఫినాంత్రోలీన్ సమ్మేళనం అణు నిర్మాణాన్ని పీడనం కిందే నిర్ధారించి, ఇనుము–నైట్రోజన్ బంధాలు కురచ కావడాన్ని కొలతలతో చూపించారు.

అయస్కాంతత్వానికి వజ్రాల నడుమ దొరికే రేణువు చాలదు. దానికి రాగిలో కొద్దిగా బెరిలియం కలిపి, వేడి చేసి గట్టిపరచిన మిశ్రలోహంతో చేసిన చిన్న గొట్టాలు వాడుకలోకి వచ్చాయి. ఈ లోహం ఉక్కుకు దగ్గరగా బలమైనదే అయినా అయస్కాంతత్వం దాదాపు లేనిది. నమూనాను సిలికాన్ నూనెలో ముంచి, గొట్టంలో పెట్టి, ముషలకంతో నొక్కి బిగించి, గొట్టాన్ని అలాగే అయస్కాంతమాపకంలోకి దించుతారు. చల్లని ఉష్ణోగ్రతల్లో పీడనం ఎంతో తెలియడానికి లోపల ఒక తగరం ముక్కనో సీసం ముక్కనో ఉంచుతారు, ఎందుకంటే ఆ లోహం అతివాహకంగా మారే ఉష్ణోగ్రత పీడనంతో తెలిసిన నిష్పత్తిలో తగ్గుతుంది. ఒక గిగాపాస్కల్ ప్రాంతానికే ఆగిపోయే ఈ సాధారణ గొట్టాలే స్పిన్ మార్పిడి చరిత్రలో అత్యధిక సమాచారాన్ని ఇచ్చాయి. జర్మనీలో మైంజ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫిలిప్ గ్యూట్లిష్ బృందం ఈ రంగంలో దశాబ్దాల పాటు చేసిన కొలతలే, పీడనంతో మార్పు వక్రరేఖ కేవలం పైకి జరుగుతుందా, దాని ఆకారం కూడా మారుతుందా అన్న చర్చకు సరుకు సమకూర్చాయి. సిద్ధాంతం ప్రకారం పీడనంతో మార్పు ఉష్ణోగ్రత పెరగాలి, హిస్టెరిసిస్ సన్నగిల్లాలి. అనేక సమ్మేళనాలు ఈ మాట విన్నాయి. కొన్నింటిలో హిస్టెరిసిస్ ఉల్టా వెడల్పయింది, కొన్నింటిలో స్ఫటిక నిర్మాణమే మారిపోయి లెక్క తప్పింది. స్పిన్ స్థితినీ స్ఫటిక నిర్మాణాన్నీ విడివిడిగా కొలవకుండా వక్రరేఖ ఆకారం నుంచే అన్నీ ఊహించడం ఎంత ప్రమాదమో ఈ మినహాయింపులు చెబుతాయి.

పీడనం ఎప్పుడూ పరికరంతోనే రాదు. 1980ల మొదట్లో ఇల్లినాయ్‌లోనే హెండ్రిక్సన్ బృందం, స్పిన్ మార్పిడి స్ఫటికాలను కల్వంలో వేసి నూరితే చాలు, మార్పు మందగించి కొంత భాగం అసలు మారకుండానే మిగిలిపోతుందని చూపించింది. వర్ణపటం తీయడానికి నమూనాను ఉప్పు పొడితో కలిపి బిళ్లగా నొక్కడం అంతవరకూ ఏ హానీ లేని అలవాటుగా సాగింది. ఆ తరవాత ప్రతి జాగ్రత్తగల పరిశోధకుడూ నమూనాను ఎలా తయారుచేశాడో రాయవలసివచ్చింది. ఇనుము స్థానంలో కొంత జింకును చేర్చినా ఇటువంటి ప్రభావమే కలుగుతుంది. జింకు అయాను పరిమాణం అధిక స్పిన్ ఇనుముకు దగ్గర కాబట్టి అది స్ఫటికాన్ని లోపల నుంచి కొద్దిగా తెరిచిపట్టి, రుణపీడనంలా పనిచేస్తుంది. పరిశోధకులు దీన్ని రసాయన పీడనం అంటారు.

కాంతి కథ ఈ చోట పీడనం కథతో కలుస్తుంది. 1984లో మైంజ్‌లో డెకుర్టిన్స్, గ్యూట్లిష్, హౌజర్, వారి సహచరులు ప్రొపైల్ టెట్రజోల్ గల ఇనుము సమ్మేళనాన్ని అతిశీతల స్థితికి చల్లబరిచి, అల్ప స్పిన్‌లో ఊదారంగులో ఉన్న ఆ స్ఫటికంపై ఆకుపచ్చని లేజర్ కాంతిని ప్రసరింపజేయగా, అది రంగు పోగొట్టుకుని అధిక స్పిన్‌కు మారి, సుమారు 50 కెల్విన్‌ల లోపు ఉంచినంతకాలం ఆ స్థితిలోనే చిక్కుకుని ఉండిపోయింది. ఆ చిక్కుకున్న స్థితి నుంచి అణువు దిగిరావడం వేడితో గోడ దాటడం వల్ల కాదు, క్వాంటం యాంత్రికశాస్త్రం చెప్పే టన్నెలింగ్ ద్వారా, అంటే శక్తి గోడలోంచే జారిపోవడం ద్వారా. రెండు స్థితుల శక్తుల మధ్య ఎడం పెరిగే కొద్దీ దిగుడు వేగవంతమవుతుందని హౌజర్ నిరూపించాడు. పీడనం ఆ ఎడాన్ని పెంచుతుంది కాబట్టి దిగుడు త్వరపడాలి. 1990లలో యెఫ్టిచ్, హౌజర్ చేసిన కొలతల్లో ఒక్క కిలోబార్ పీడనమే దాన్ని దాదాపు పది రెట్లు వేగవంతం చేసింది. కాంతి పైకెత్తిన అణువును పీడనం కిందికి దించుతుంది. ఈ ఎదురుబొదురు సంబంధం సిద్ధాంతానికి అత్యంత సూటి పరీక్ష.

అదే సంబంధం మరో కుటుంబంలో మరింత స్పష్టంగా కనబడుతుంది. 1700ల తొలి దశాబ్దంలో బెర్లిన్‌లో రంగులు చేసే డీస్‌బాఖ్ చేతికి అనుకోకుండా చిక్కిన ప్రష్యన్ నీలం, ఇనుము పరమాణువులను సయనైడ్ వంతెనలతో ఘనాకారంలో కలిపిన వల. ఆ వలలోని లోహాలను మార్చుకుంటూ పోతే రకరకాల అయస్కాంతాలు వస్తాయి. 1996లో టోక్యోలో సాతో, హషిమోతో, వారి సహచరులు కోబాల్ట్–ఇనుము సయనైడుపై ఎర్రని కాంతి పడితే అయస్కాంతత్వం పెరుగుతుందనీ, నీలికాంతితో ఆ ప్రభావాన్ని వెనక్కి తేవచ్చనీ ప్రకటించారు. కాంతి ఒక ఎలక్ట్రానును ఇనుము నుంచి కోబాల్టుకు చేర్చి, కోబాల్టును పెద్దదైన అధిక స్పిన్ రూపంలోకి తెస్తుంది. 2003లో మైంజ్, ఫ్రాన్స్ పరిశోధకులు అదే కుటుంబంలోని ఒక అయస్కాంతాన్ని నొక్కినప్పుడు ఎలక్ట్రాన్ ఎదురుదిశలో ప్రయాణించింది: కోబాల్ట్ చిన్నదైన అల్ప స్పిన్ రూపానికి మారింది, కొద్ది కిలోబార్లకే అయస్కాంతత్వం అణగారింది. 2005లో స్పెయిన్‌లోని వలెన్సియాకు చెందిన కొరొనాడో బృందం ఇనుము–క్రోమియం వలలో చూసినది ఇంకా ఆశ్చర్యకరం. సుమారు 19 కెల్విన్‌ల కింద అయస్కాంతమయ్యే ఆ పదార్థంలో సయనైడు కార్బన్ కొన క్రోమియం వైపు, నైట్రోజన్ కొన ఇనుము వైపు ఉంటాయి. పీడనం కింద కొన్ని సయనైడులు అటుదిటు తిరిగి కార్బన్ కొనను ఇనుముకు అందించాయి, ఆ ఇనుము అల్ప స్పిన్‌గా మారి అయస్కాంతత్వం పడిపోయింది. పీడనం వదిలితే అణువులు తిరిగి యథాస్థానానికి వచ్చాయి. ఘనస్ఫటికంలో బంధాలు తెగి, తిరగబడి, మళ్లీ అతుక్కోవడం, అదీ తిప్పుకోగలిగిన మార్పుగా జరగడం, స్పిన్ మార్పిడి సిద్ధాంతాల్లో ఎవరూ రాసిపెట్టుకోనిది.

లోహం లేని స్ఫటికాల్లో కూడా పీడనం ఎలక్ట్రాన్లను కదిలించింది. 1981లో అమెరికాలో టొరన్స్ బృందం, ఎలక్ట్రాన్ ఇచ్చే టెట్రథయాఫల్వలీన్, పుచ్చుకునే క్లొరానిల్ అనే అణువులు ఒకదాని తరవాత ఒకటిగా పేర్చుకున్న స్ఫటికం, గది ఉష్ణోగ్రత దగ్గర ఒక గిగాపాస్కల్ దరిదాపుల్లో తటస్థ స్థితి నుంచి అయానిక స్థితికి మారి, రంగు కూడా మార్చుకుంటుందని కనుగొంది. చల్లబరిస్తే అదే మార్పు 80 కెల్విన్‌ల చేరువలో వస్తుంది. అణువులు దగ్గరైతే ధన, రుణ ఆవేశాల ఆకర్షణ పెరిగి, ఎలక్ట్రాన్ ఇచ్చుకోవడం లాభసాటి అవుతుంది. 1990లో జపాన్ పరిశోధకులు అదే మార్పును కాంతితో కూడా సాధించారు. టొరన్స్ ఫలితానికి ముందు ఏడాదే, 1980లో, ఫ్రాన్స్‌లోని ఒర్సే దగ్గర జెరోమ్ బృందం, డెన్మార్క్‌కు చెందిన బెక్‌గార్డ్ తయారుచేసిన సెలీనియం గల కర్బన స్ఫటికాన్ని సుమారు 12 కిలోబార్ల కింద నొక్కి, 0.9 కెల్విన్ దగ్గర అతివాహకంగా మార్చింది. మొదటి కర్బన అతివాహకం పీడనం చలవతోనే పుట్టింది.

స్పిన్ మార్పిడి స్ఫటికాల ఉపయోగాల గురించి చర్చ బోర్దోలో ఒలివియే కాన్ బృందం వల్ల ఊపందుకుంది. ఇనుమునూ ట్రయజోల్‌నూ గొలుసుగా కలిపిన పాలిమర్లు గది ఉష్ణోగ్రతకు పైన ఊదా నుంచి తెలుపుకు మారుతూ, పదుల డిగ్రీల వెడల్పు గల హిస్టెరిసిస్ చూపుతాయి. సమాచారాన్ని దాచే పదార్థాలుగా వాటిని కాన్ 1998లో ప్రతిపాదించాడు, ఆ మరుసటి ఏడాదే మరణించాడు. రంగు మార్పు ద్వారా పీడనాన్ని సూచించే పదార్థాల గురించి వెర్సై పరిశోధకులు 2012లో రాశారు. అక్కడ ఎదురయ్యే చిక్కు స్పష్టం: పీడనం వల్ల రంగు మారినదా, వేడి వల్ల మారినదా అన్నది రంగు ఒక్కటే చెప్పలేదు, రెండు రకాల అణువులనో రెండు రకాల కొలతలనో కలపక తప్పదు. మరో ఉపయోగం శీతలీకరణ. నొక్కినప్పుడు స్ఫటికం అల్ప స్పిన్‌కు మారుతూ వేడిని బయటికి పోస్తుంది, వదిలినప్పుడు పరిసరాల నుంచి వేడిని పీల్చుకుంటుంది. వాయువు స్థానంలో ఘనపదార్థాన్ని పెట్టి శీతల యంత్రం నడపవచ్చన్న ఆలోచనను న్యూయార్క్‌లో సాండెమన్ ముందుకు తేగా, 2019లో ఆయన బృందం లీడ్స్‌కు చెందిన హాల్‌క్రో తయారుచేసిన ఇనుము సమ్మేళనంలో కొన్ని వందల బార్లతోనే చాలా పెద్ద ఉష్ణ ప్రభావాన్ని కొలిచింది. సమాచారం దాచడం కోసం కాన్ వెడల్పు చేయాలని చూసిన హిస్టెరిసిస్‌నే శీతలీకరణకు వీలైనంత సన్నగా చేయాలి, ఎందుకంటే వెళ్లే దారికీ వచ్చే దారికీ మధ్య ఎడం ఎంత ఉంటే ప్రతి చక్రంలోనూ అంత అదనపు పీడనం పెట్టాలి, అంత శక్తి వృథా అవుతుంది. స్లిక్టర్, డ్రికామర్ 1972లో సమీకరణంలో చేర్చిన ఆ ఒక్క సంఖ్యను అణువుల ఆకారం, వాటి మధ్య చిక్కిన ద్రావకం, రుణ అయాను ఎంపికల ద్వారా కావలసిన విలువకు తేవడమే ఇప్పుడు సంశ్లేషణ రసాయనవేత్తల ముందున్న పని.